మా పెద్దమ్మ త్యాగం చేయలేదు

పెద్దమ్మ పోయిందని మామయ్య ఫోన్ చేశాడు. "అక్క పోయింది. జల్ది రాండ్రి. ఇంట్ల ఎవ్వలు లేరు." ఆయన ఉన్నాడు. పక్షవాతంతో మంచం పట్టిన తాత ఉన్నాడు. అయినా ఇంట్లో ఎవరూ లేరట.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. మా అమ్మకు అక్క. నర్సంపేట దగ్గరి పల్లె. అమ్మమ్మ చనిపోయిన ఏడు, అన్నం వండడానికి ఆడమనిషి కావాలని తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. తమ్ముడు, అంటే మామయ్య, చదివాడు. చెల్లెలిని, అంటే మా అమ్మను, పెద్దమ్మే పట్టుబట్టి వరంగల్ హాస్టల్లో చేర్పించింది. పెద్దమ్మ పెళ్లి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే వంట ఎవరు చేస్తారు? మామయ్య భార్య ఏడాది తిరక్కుండా పుట్టింటికి వెళ్లిపోతే ఊరంతా తిట్టింది. పెద్దమ్మ ఒక్కతే, "మంచిగ జేసింది" అంది.

పత్తి ఏరేటప్పుడు చీర మీద మామయ్య వదిలేసిన చొక్కా తొడుక్కునేది. జేబులో మిర్చి బజ్జీలు కట్టిచ్చిన వారపత్రిక కాగితం ఉండేది. సాలు చివర నిలబడి, నూనె మరకల మధ్య చదివేది. కథ సగంలో తెగిపోయేది. సెలవులకు నేను వెళ్తే ఆ ముక్క నా ముందు పెట్టి, "మిగిలింది నువ్వు జెప్పు బిడ్డా" అనేది. కథలో పిల్లకు పెళ్లి చేసి ముగిస్తే ఒప్పుకునేది కాదు. "గంతేనా? ఇంకేడికన్న పంపియ్యి దాన్ని."

నాకూ మా చెల్లికీ ఎప్పుడూ ఒకటే చెప్పేది: "ఒద్దనుడు నేర్వుండ్రి."

ఛాతీ పట్టేస్తోందని ముందే చెప్పిందట. "పత్తి అయిపోనీ, దవాఖానకు పోదాం" అన్నాడట మామయ్య.

సమాధి దగ్గర ఫాదర్ గారు ఆమెను త్యాగమూర్తి అన్నారు. అందరూ తలలూపారు. నా పిడికిట్లో మన్ను ఉంది. ఇస్తావా అని ఆమెను ఎవరు అడిగారు? వీళ్లు తీసుకున్నారు. తీసుకున్నదానికి ఇప్పుడు మంచి పేరు పెడుతున్నారు.

మూడో రోజు ప్రార్థన అయ్యాక, మగవాళ్ల భోజనాలు అయ్యాక, మామయ్య మా చెల్లిని పిలిచాడు. అది హన్మకొండలో నర్సింగ్ చదువుతోంది.

"నువ్వు నేర్చేది నర్సింగే గద. ఈడ తాతను జూసుకుంట నేర్చుకో. జర ఏడాది ఆగితే కాలేజీ ఏడికి పోతది?"

"అవు బిడ్డా, మీ పెద్దమ్మ పేరు నిలవెట్టు" అంది పక్కింటి ముసలామె.

అన్న ముందు ఏనాడూ నోరెత్తని అమ్మ లేచి నిలబడింది.

"దానికి పరీక్షలున్నయ్ అన్నా. అది పోతది."

"మరి నాయినను ఎవలు జూడాలె?"

"నీకు నాయిన కాడా?"

"వంటో?"

"అక్క తొమ్మిదో తరగతిల నేర్చింది. నువ్వు ఇప్పుడన్న నేర్చుకో."

మేం బ్యాగులు తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి మామయ్య వంటింట్లో ఉన్నాడు. "చెల్లే, బియ్యం ఏ డబ్బల ఉన్నయ్?" అని కేకేశాడు. అమ్మ చెప్పులు తొడుక్కుంది. ఒక్కో డబ్బా మూత తీస్తున్న చప్పుడు, మళ్లీ పెడుతున్న చప్పుడు, మేం రోడ్డెక్కేదాకా వినిపిస్తూనే ఉంది.