ఐజాక్ గిటారులో ఇరుకు సందు

2018 మార్చి. హనుమకొండలో బస్టాండుకు దగ్గర, మేడ మీది గదిలో నా దుకాణం. హార్మోనియంలు, గిటార్లు, కీబోర్డులు బాగుచేస్తాను. సగం పని చుట్టుపక్కల మండలాల చర్చిల నుంచే వస్తుంది. నేను పదో తరగతి తప్పినవాణ్ని. లెక్కలు పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను ఫ్రెట్లు అంటారు. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ ఎక్కడ రావాలో తెలుస్తుంది. ఆ ఒక్క సంఖ్య నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. అందుకేనేమో, కొలత తప్పిన వాయిద్యం కనిపిస్తే చేయి ఊరుకోదు.

ఆ సోమవారం నెక్కొండ నుంచి అరవై దాటిన మనిషి ఒకాయన పాత గిటారు తెచ్చాడు. పేరు ఐజాక్ అని, మిరప తోట ఉందని చెప్పాడు. ఎడమచేతి ఉంగరపు వేలు కొక్కెంలా వంగి ఉంది.

"మూడో తీగ జీరపోతాంది తమ్మీ. అదొక్కటి జూడు. బుధవారం పొద్దుగాల్ల కావాలె."

"అంత తొందరేందన్నా?"

"గురువారం మా అక్కకు గుండె ఆపరేషన్. లోపటికి పోకముందు నా వాయింపు ఒక్కసారి ఇంటదట. ఊరికొచ్చినంక ఎవ్వరి ముందట వాయించలే నేను."

మంగళవారం, కీబోర్డు కోసం వచ్చిన ఒక లెక్చరర్ ఆ గిటారును చూసి నిలబడిపోయాడు. తన దగ్గరున్న ఒక రాక్ బ్యాండు క్యాసెట్ అట్ట మీద ఇదే గిటారు ఉందట. ఆ బ్యాండులో గిటారు వాయించిన ఐజాక్ ముప్పై ఏళ్ల కింద బొంబాయిలో మైదానాలు నింపినవాడట. మూడో క్యాసెట్ వచ్చిన ఏడాదే కనబడకుండా పోయాడు. చేయి పాడై మానేశాడని అప్పట్లో అనుకున్నారట. వంగిన వేలు గుర్తొచ్చి, లెక్క సరిపోయిందనుకున్నాను.

అంతటివాడి గిటారు అనేసరికి శ్రద్ధ ఎక్కువైంది. మెడ చివర తీగలు ఆనే ఎముక పట్టీని నట్ అంటాం. అందులో ఆరు తీగలకు ఆరు గాట్లు, మధ్య అయిదు సందులు. మూడో గాటు అరిగి లోతైంది, జీర అక్కడిదే. గాటు నింపితే చాలు. కానీ సందులు ఎక్కడా సమానంగా లేవు. ఎవరో చేతకానివాడు ఆకురాయితో గీకినట్టున్నాయి. నట్ మొత్తం తీసేసి, ఒక్కో సందు 7.2 మిల్లీమీటర్ల చొప్పున కొత్తది చేసి పెట్టాను. అడగని పని, ఉచితంగా. పాతది చెత్తలోకి పోయింది.

బుధవారం ఆయన వచ్చాడు. అక్కను మెట్ల కింద ఆటోలో కూర్చోబెట్టి వచ్చాడు. పన్నెండు లోపల ఆమెను దవాఖానలో చేర్చాలి. గిటారు తీసుకుని ఒక్కసారి మీటి ఆగిపోయాడు. మళ్లీ మీటాడు. వంగిన వేలు రెండు తీగల మధ్య ఖాళీలో పడుతోంది.

"పాత ఎముక ఏది తమ్మీ?"

చెప్పాను.

"కొలతలన్న రాసుకున్నవా?"

రాయలేదు. ప్రతి మరమ్మతుకూ కొలతలు రాసుకునే నేను, అవి తప్పులనుకుని కొత్తవి మాత్రమే రాశాను.

"ఆ గాట్లు నేనే కోసిన. ఈ వేలు చాపరాదు. రెండు తీగలు దగ్గరుంటెనే ఒక్కసారి ఒత్తుకుంటది. అట్ల కుదరనీకి ఏడాది పట్టింది."

"మరి ఈ చెయ్యి పాడయ్యే కదా అన్నా బొంబాయి ఇడిచింది?"

ఆయన నవ్వాడు. "ఎవడు జెప్పిండు? చెయ్యి ఇరిగింది ఈడ. ఊరికొచ్చిన ఆరేండ్లకు, మోటరు బెల్టుల బడి."

"మరెందుకు ఇడిచినవ్?"

"స్టేజీ మీద అందరు మొత్తుకుంటుండె. నేను వాయించేది నాకు ఇనబడకపోతుండె. తోటల ఇనబడ్తది."

కింద నుంచి కేక వచ్చింది. "ఒరే ఐజాకూ! నన్ను దవాఖానకు తోల్కపోతవా, ఆపరేషన్ గీ ఆటోల్నే చేపిస్తవా?"

గడియారంలో పదిన్నర. గాట్లు లేని ఎముక ముక్క ఒకటి బిగించి, తీగలు వదులుగా దాని మీద వేశాను.

"అన్నా, కండ్లు మూసుకో. ఒక్కో తీగను నీ వేలుకు ఏడ ఉండాల్నో ఆడికి జరుపు."

ఆయన జరిపాడు, నేను పెన్సిల్ గీతలు పెట్టాను. రెండుసార్లు చెరిపించాడు. చివరికి వచ్చిన సందులు కొలిచాను: 8.1, 8.1, 7.9, 5.4, 6.5. ఏ పుస్తకంలోనూ లేని వరుస. గాట్లు కోసి తీగలు బిగించేసరికి పదకొండుంబావు.

ఆయన కిందికి వెళ్లి ఆటోలో ఆమె పక్కన ఒదిగి కూర్చుని వాయించాడు. నేను మెట్ల మీదే నిలబడ్డాను. రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు. అయ్యాక ఆమె ఆయన చెవి పట్టుకుంది.

"పక్క తోటల్నే ఉండి ఇన్నేండ్లు దాస్తివి గదరా దొంగా! గింత మంచిగ వస్తదని ఎందుకు జెప్పలే?"

"నువ్వు మొన్నటిదాంక అడగలే గద అక్కా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇగ నడువుండ్రి, నాకు ఫికర్ లేదు" అంది. ఆపరేషన్ బాగానే జరిగిందని పది రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

ఒక మనిషి వేలు విరగడానికీ, పేరు వదులుకోవడానికీ మధ్య ఆరేళ్ల తేడా ఉంటే నేను రెంటినీ కలిపి ఒకే లెక్క చేశాను. గిటారు దగ్గర చేసిన తప్పూ అదే, అడగకుండా నేనే లెక్క తేల్చేయడం. ఇప్పుడు ఏ వాయిద్యం వచ్చినా ముందు ఉన్న కొలతలు ఉన్నట్టే రాసుకుంటాను. సరిపడని సంఖ్య కనబడితే పనిముట్టు ముట్టను. తెచ్చిన మనిషికి కుర్చీ వేసి, "జర వాయించు, చేతులు చూస్తా" అంటాను.