పదిహేడు బదులు ముప్పై ఒకటి

తొట్ల మామ అంటే ఆ సముద్ర పరిశోధనశాలలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంటుంది, దాన్ని పిలిచేవాళ్ళు లేరు. పొద్దున్న ఆరింటికి వచ్చి, గాజు తొట్లలో ఉప్పునీళ్ళు చూసి, పాచి గీకి, పగడాలకి మేత వేసి, సాయంత్రానికి చేతివేళ్ళు ముడతలు పడి ఇంటికి పోయే మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఓడల అడుగున మునిగి, పట్టిన గుల్లలు గీకాడు. ఆ పనిలో ఒక చెవి పోయింది. రెండోది కూడా పోకముందే ఇక్కడ చేరాడు. భార్య మాట మాత్రం ఏ చెవితోనూ వినేవాడు కాదు, దానికి చెవిని తప్పుపట్టి లాభం లేదు.

పగడమంటే రాయి అనుకుంటారు చాలామంది. కాదు, ప్రాణి. గోరంత కూడా లేని జీవులు వేలకివేలు చేరి కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఆ నాచే వాటికి వండి పెడుతుంది, రంగూ ఇస్తుంది. సముద్రం వేడెక్కిందా, ఆ కాపురం చెడుతుంది. నాచు బయటికి పోతుంది, పగడం సున్నంలా తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే ఆకలికి మాడి చస్తుంది. కానీ నూటికో కోటికో ఒకటి పుట్టుకతోనే ఆ వేడిని ఓర్చుకుంటుంది. అలాంటిదాన్ని పట్టుకుని, పిల్లల్ని పెంచి, చచ్చిపోతున్న దిబ్బ మీద నాటాలని డాక్టరమ్మ పట్టుదల. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు, జన్యువులు చదివే డాక్టరు.

"ఒక్క జన్యువుతో అయ్యే పని కాదు బాబాయ్," అనేది మామతో. "వందల జన్యువులు తలా ఓ చెయ్యి వెయ్యాలి. అవన్నీ ఒక్కదాన్లో కలిసిరావడమే కష్టం."

అది తేల్చడానికే ఏడేళ్ళ కిందట ఒక పరీక్ష పెట్టారు. పొడుగాటి తొట్టి. ఒక చివర కొత్త నీళ్ళు పడే గొట్టం, రెండో చివర హీటరు. గొట్టం వైపు కాస్త చల్లన, హీటరు వైపు మంట. మధ్యలో ముప్పై ఆరు పగడపు ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. రోజూ పొద్దున్నే ప్రతి ముక్కనీ ఒక స్థానం ముందుకి జరపాలి, చివరిదాన్ని మొదటికి తేవాలి. అప్పుడే అన్నిటికీ చల్లదనమూ వేడీ సమానంగా అందుతాయి. పరీక్ష న్యాయమంతా ఆ జరపడంలోనే ఉంది. ఆ జరిపే చెయ్యి తొట్ల మామది.

వాటిలో పదిహేడో నంబరుని సముద్రంలోంచి తెచ్చింది తనే. జింక కొమ్ముల్లా పాయలు తీసిన ముక్క. అంత లోతునుంచి ఒక్క కొమ్మ విరక్కుండా తెచ్చినవాడు ఆ ఊళ్ళో మరొకడు లేడని మామకి గర్వం. ముప్పై ఒకటిని తెచ్చిందీ తనే, కానీ అది గుజ్జుగా, వంకరగా, మొహం చిట్లించుకున్నట్టుండేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, ఈయనకి తన పిల్లల్లోనూ అందగత్తె ఒక్కటే ముద్దు. పదిహేడో నంబరు వంతు హీటరు వైపు వచ్చేసరికి ప్రాణం ఒప్పలేదు. ఎవరూ చూడకుండా దాన్ని గొట్టం దగ్గర పెట్టి, ఆ వేడి చోట ముప్పై ఒకటిని పెట్టాడు. ఒకరోజే కదా అనుకున్నాడు. పరీక్ష అయ్యేదాకా అదే చేశాడు.

ముప్పై ఆరు రోజులయ్యేసరికి దాదాపు అన్నీ తెల్లబడ్డాయి. పదిహేడు మాత్రం నిండురంగుతో నిగనిగలాడుతోంది. ముప్పై ఒకటి సగం తెల్లబడి, సగం ప్రాణంతో ఉంది. సగం తెల్లబడినవి కూడా తీసెయ్యాలని నియమం. తీసేసింది మామే. ఎండలో పెడితే నాలుగు రోజుల్లో శుభ్రమైన తెల్లటి గుల్ల అయింది. కాగితాలు ఎగరకుండా ఉంటాయని దాన్ని తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. ఆవిడ సంతోషించింది కూడా.

ఇక పదిహేడుకి పట్టాభిషేకమే. దాని పిల్లల్ని పలకల మీద పెంచారు. రెండేళ్ళకి రెండు వేల పిల్లలయ్యాయి. వాటిని మునిగి, ఒక్కొక్కటీ జిగురుతో దిబ్బకి అంటించింది మామే. "మనవళ్ళని బడిలో చేర్పించి వచ్చా," అని ఇంట్లో చెప్పేవాడు. "మీ పదిహేడుకి నేను సవతినా, అత్తనా?" అని భార్య నవ్వేది. ఆ ఏళ్ళన్నీ ఆయన జీవితంలో మంచి రోజులు, కాదనకూడదు.

ఈ వేసవిలో సముద్రం ఏడు వారాలపాటు కాగింది. ఎనిమిదో వారం మామ మునిగి చూశాడు. రెండు వేలకి రెండు వేలూ తెల్లగా ఉన్నాయి. నెల తిరక్కుండా వాటి మీద బూజులాంటి పాచి పట్టింది. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

మామకి అప్పుడే అర్థమైంది. ఆయన తెచ్చిపెట్టిన చల్లదనం పదిహేడుకి అబ్బింది గానీ, పిల్లలకి రాదు కదా. పుట్టుకతో వచ్చే ఓర్పు అయితే సంతానానికి దిగుతుంది. గొట్టం పక్కన కూర్చోబెడితే వచ్చిన రంగు గొట్టంతోనే పోతుంది.

డాక్టరమ్మకి అది తెలియదు. ఆవిడ తిండి మానేసి పదిహేడో నంబరు జన్యువుల్ని మళ్ళీ మళ్ళీ చదివించింది. అందులో ప్రత్యేకత ఏమీ కనిపించలేదు. "నా చదివే పద్ధతే తప్పు బాబాయ్," అంది ఒకరోజు. "ఏడేళ్ళు తప్పు దారిలో నడిచాను. ఈ పనికి నేను తగను. వచ్చే వారం రాజీనామా రాసిచ్చేస్తా."

మామ ఇంటికొచ్చి రెండు రోజులు కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. మూడో రోజు భార్య విషయం రాబట్టింది. అంతా విని, "చెప్పి తిట్లు తినండి. చెప్పకుండా అన్నం మానేస్తే ఎవరికి లాభం? మీ తప్పు ఆ పిల్ల నెత్తిన పడుతోంది," అంది. ఆ మాట మాత్రం ఆయన విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, అంతా చెప్పాడు. "నీ పద్ధతి తప్పు కాదమ్మా. నా చెయ్యి తప్పు. దాన్ని నేను వేడిలో పెట్టలేదు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "దాని వంతు వేడి ఏది మోసింది?" అని అడిగింది.

"ముప్పై ఒకటి."

"దాని వంతూ, దీని వంతూనా?"

"రెండూనమ్మా."

"రెండు వంతులు మోసి సగం ప్రాణంతో ఉందా? ఎక్కడుందది?"

మామ బల్ల మీదకి చూశాడు. ఆవిడా అటే చూసింది. రాజీనామా చిత్తు కాగితం ఆ తెల్లటి గుల్ల కిందే ఉంది.

ఆ మధ్యాహ్నమే మామ పడవ మాట్లాడుకుని, ముప్పై ఒకటిని తెచ్చిన చోటికి పోయాడు. ఆ రాతి మలుపు ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. దానికి అక్కలో చెల్లెళ్ళో ఒకరైనా ఉండకపోతారా అనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇలాగే ఉంటుంది. అక్కడ విరిగిన గుల్లలు, వాటి మీద బురద, అంతే. ఊపిరి అయిపోయేదాకా వెతికి, పైకొచ్చి, పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు.

పరీక్షకి ముందు ప్రతి ముక్కనుంచీ గోరంత గిల్లి ఫ్రీజరులో దాచి ఉంచారు. జన్యువులు చదవడానికి మాత్రమే పనికొస్తుంది, ప్రాణం పోసుకోదు. డాక్టరమ్మ ముప్పై ఒకటి నుంచి గిల్లిన ముక్కని చదివించింది. మూడు వారాలకి ఫలితం వచ్చింది. మామని పిలిచి కాగితం చూపించింది. ఆయనకి అందులో అక్షరం అర్థం కాదు, ఆవిడ మొహం అర్థమైంది.

"నేను వెతికిన గుర్తులన్నీ దీన్లో ఉన్నాయి బాబాయ్. మనం చూసిన వందల పగడాల్లో ఇన్ని ఒక్కచోట ఎక్కడా లేవు. పద్ధతి సరైనదే."

"అయితే నువ్వు మానెయ్యవు కదమ్మా?"

"మానను. మళ్ళీ పరీక్షకని తొట్టిలో పెట్టిన కొత్త ముప్పై ఆరిటినీ కూడా చదివించాను. ఒక్కదానికీ లేవు."

"మరి పరీక్ష?"

"మొదలుపెట్టాం కదా. జరపండి."

ఆవిడ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ముప్పై ఒకటిని పెట్టింది. బరువు పెట్టడానికి ఆ గదిలో ఇంకేమీ లేదు.

మామ తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని నీళ్ళలో పెట్టాడు. గొట్టం చివర మొదలుపెట్టి హీటరు చివరిదాకా, ముప్పై ఆరు ముక్కల్నీ ఒక్కో స్థానం ముందుకి జరిపాడు. ఏదీ తప్పించలేదు, దేని మీదా చెయ్యి ఆగలేదు. జీవితంలో మొదటిసారి ఆ పని తు.చ. తప్పకుండా చేశాడు, అక్కడ బతికేది ఏదీ లేదని తెలిసి.