దొరగారి కలం మూత

ఆ దొరను తలుచుకుంటే ముఖం గుర్తురాదు, కలం మూత గుర్తొస్తుంది. మాలాంటి దేశాలకు ఏమివ్వాలో లండన్‌లోని శాఖలన్నిటి చేతా ఒకే మాట అనిపించడం ఆయన ఉద్యోగం. సుంగై పెటాని దగ్గర మా రబ్బరు తోటకు వచ్చినప్పుడు, గుమాస్తాను కనక నేనే దుబాసీని. తెల్లవాళ్ళ ఏలుబడిలో, అడవుల్లోని కమ్యూనిస్టుల వేటకు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. ఎవరు కాగితం తీసినా పోలీసులకేనని కూలీల భయం.

"మన పేర్లు రాసుకుంటన్నాడేటి బాబూ?" అని నన్ను గుసగుసగా అడిగారు.

పేర్లు రాయలేదు, మీకేం కావాలని అడిగాడు. బావి అడిగితే రాశాడు, బడి అడిగితే రాశాడు. పాల కోసం రబ్బరు చెట్లు గీసే ముసలమ్మ ఒకామె లేచింది.

"రబ్బరు పాలు మేం తీత్తన్నాం గదా, టైర్లు ఈడే ఎందుకు సెయ్యరో అడుగు లా," అంది, చివర ఈ దేశపు యాస తగిలించి.

నేను ఇంగ్లీషులో చెప్పాను. "మంచి ప్రశ్న," అని నవ్వి, కలానికి మూత పెట్టేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా పెద్దమనిషి, రాయడం మరిచిపోయాడులే అని సరిపెట్టుకున్నాను.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది, మా జెండా ఎగిరింది. ఏడాది తిరక్కుండా ఆయనా మళ్ళీ మా తోటకు వచ్చాడు, ఈసారి మా ప్రభుత్వానికి సలహాదారుగా. అదే కలం. రోడ్లు, నీళ్ళు రాసుకుంటున్నాడు. వెనక వరసలోంచి అదే ముసలమ్మ లేచింది.

ఆమె నోరు తెరవకముందే ఆయన కలానికి మూత పెట్టాడు.