గోపాలపట్నంలో ఎర్ర చుక్క

నగరంలో ఏ వీధికి కుళాయి నీళ్ళు ఎప్పుడొచ్చాయో అందరికీ ఉచితంగా తెలిసేలా ఒక వెబ్‌సైటులో పెట్టడం మా చిన్న సంఘం పని. జీతాలు లేవు. నేను వారమంతా రుషికొండలో ఒక కంపెనీకి సైట్లు చేసి, ఆదివారాలు దీనికి చేసేవాణ్ణి.

పాత సైటు నిండా అంకెల పట్టికలే. వాటిని చదివే ఓపిక మాకే లేదు, జనానికెక్కడిది? కొత్తదాంట్లో నగరం పటం పెట్టాం. నీళ్ళొచ్చిన వీధికి నీలం చుక్క, రాని వీధికి ఎరుపు. కబుర్లు పంపడానికి పేటపేటకీ ఒక జట్టు కావాలి. సమావేశాలు పెట్టాం, టీలు తాగించాం. వాలంటీర్లమని చెబితే జనం ప్రభుత్వ వాలంటీర్లనుకుని పింఛన్ల గురించి అడిగారు. అది మా పని కాదని తెలిశాక టీ తాగి వెళ్ళిపోయారు.

ఒక్క గోపాలపట్నంలో మాత్రం జట్టు చూస్తుండగానే పెరిగింది. దాన్ని నడిపేది కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం పెట్టుకున్న ఒకాయన. విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం. మొదటి రోజే నన్ను బావా అన్నాడు, నేనూ అనేశాను. ఆయన ఉండే సందు కొండవాలున చివరిది, నీళ్ళు అంత దూరం ఎక్కేవి కావు. దానికి వేరే లైను వేయించాలన్నదే ఆయన పట్టుదల. మా ఆశయాల గురించి నేను దంచిన ఉపన్యాసమంతా విని, "అయన్నీ సరే బావా, ఇది సూపిత్తే మా సందుకి నీళ్ళొత్తాయా?" అన్నాడు. మనిషి నాకు అప్పుడే నచ్చాడు.

ఆ జట్టుకో అలవాటుండేది. నీళ్ళొస్తే గ్రూపులో మెసేజ్ పెట్టేవారు, రాకపోతే ఏమీ పెట్టేవారు కాదు. అదేమంటే, "రాందానికి ఏటి రాత్తాం బావా?" అన్నాడాయన. న్యాయంగానే తోచింది. కబురు లేకపోతే ఎరుపు అని సైటునూ అలాగే కట్టాం.

ఆయన కాళ్ళరిగేలా తిరిగి సందు చూడడానికి రమ్మని నీటి సరఫరా ఇంజనీరును ఒప్పించాడు. ఆ ఇంజనీరు వస్తానన్న వారం కాకుండా ముందే, చెప్పాపెట్టకుండా దిగాడు. సైటులో ఉన్న నా నంబరుకు ఫోన్ చేసి రమ్మన్నాడు. నేను వెళ్ళేసరికి ఆయన చేతిలో ఫోను, ఫోనులో మా పటం. గోపాలపట్నం మొత్తం ఎర్రగా ఉంది. ఆయన నిలబడ్డ వీధిలో కుళాయి ధారగా పోతోంది.

"ఇదేనా మీ డేటా?" అని, చివరి సందు దాకా రాకుండానే జీపెక్కాడు.

తర్వాత తెలిసింది. జట్టులో ఉన్నవాళ్ళందరిదీ ఒకే ఊరు. అందరూ ఒకరికొకరు బావలో, బావమరుదులో, తోడల్లుళ్ళో. ఊళ్ళో అమ్మవారి పండగని అంతా కట్టగట్టుకుని ఒకే బస్సులో వెళ్ళిపోయారు. మా జట్టు అంత జోరుగా ఎందుకు పెరిగిందో అప్పుడు బోధపడి నవ్వొచ్చింది. మోటార్లాయన తిరిగొచ్చి, "నాను లేనప్పుడే రావాలా ఆయన?" అన్నప్పుడు మాత్రం నవ్వలేకపోయాను.

సైటులో బూడిద రంగు చేర్చాం. కబురు లేకపోతే బూడిద, అంటే ఎవరూ చూడలేదని. రాలేదని ఎవరైనా పంపితేనే ఎరుపు. ఇంజనీరును మళ్ళీ కదిలించడానికి ఆయనకు వానాకాలమంతా పట్టింది. చివరికి ఒక తెల్లవారుజామున వస్తాననీ, ఆ సందు మనిషి దగ్గరుండి చూపించాలనీ, ఈసారి ఎవరూ లేకపోతే ఇక తన గుమ్మం తొక్కొద్దనీ చెప్పాడు.

సరిగ్గా ఆ తెల్లవారుజామునే ఊళ్ళో ఆయన అక్క కూతురి పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవలసిన మేనమామ ఆయనొక్కడే. సందులోని మిగతా ఇళ్ళవాళ్ళూ జట్టువాళ్ళే. జట్టంతా, ఆయన భార్యాపిల్లలతో సహా, ముందురోజే ఊరికి వెళ్ళిపోయింది.

"నువ్వెళ్ళు, నేను చూపిస్తాను" అన్నాను.

"నిన్ను ఓసారి సూసేడు కద బావా. మళ్ళీ నమ్మడు."



వెలుగు వస్తుండగా ఇద్దరం ఆయన కుళాయి దగ్గర నిలబడ్డాం. ఆయన ఫోను మోగింది. వాళ్ళ అక్క. అవతలి మాట నాకూ వినిపించింది: "పిల్ల బుట్టలో కూకుందిరా. ఎవులెత్తుతారు?"

"సిన్నాన్న కొడుకుని ఎత్తమనక్కా" అన్నాడు. అవతల పెట్టేశారు.

ఇంజనీరు వచ్చి కుళాయి తిప్పాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కింది వీధిలో ధార పోతుండడం కూడా చూశాడు. ఈసారి పైపు పోయిన దారంతా నడిచి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మావాడు ఫోను తీసి 'రాలేదు' అని పంపాడు. పటంలో గోపాలపట్నమంతా బూడిద, కొండవాలున ఒక్క ఎర్ర చుక్క. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఆయనకు కనబడకూడదనుకుని అటు తిరిగాను.

లైను పడింది. ఇప్పుడు కొత్త పేటల్లో జట్లు పెట్టేవాళ్ళు గోపాలపట్నం కిటుకేమిటని నన్ను అడుగుతుంటారు. ఒకే ఊరివాళ్ళందరినీ చేర్చుకోకండి అంటాను. అది జోకనుకుంటారు.

మొన్న మావాడి ఇంటికి వెళ్తే కుళాయి తిప్పి చెంబు నింపి ఇచ్చాడు. అక్క మాట్లాడుతోందా అని అడిగాను.

"మాట్టాడతాది. బుట్ట మాటొత్తే లేసెళ్ళిపోద్ది" అన్నాడు. కుళాయి కట్టేసి అన్నాడు: "లైను ఇయ్యేడు కాపోతే పైయేడు ఏయించేవోళ్ళం. పిల్లకి పెళ్ళి మళ్ళీ సెయ్యలేం గదా బావా."