పోశెట్టి చెప్పిన గేజి మాట

పదేళ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. చాలా చిన్న మాట. "చెప్పలేదన్నా." ఆర్మూరులో, మార్కెట్ యార్డు వెనక ఉన్న రేకుల షెడ్డులో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా అన్నాను. అది అబద్ధం. అంటున్నప్పుడే నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే నోరు పెగులుతోంది.

ముందు ఆ రోజు జరిగింది చెబుతాను.

ముప్కాల్ నుంచి వచ్చే పికప్ వ్యాను డ్రైవర్ భూమయ్య విసురుగా షెడ్డులోకి వచ్చాడు. వ్యాను అతనిదే. చేతిలో నలిగిన పేపరు ముక్క ఉంది. ముందు రోజు పసుపు బస్తాల లోడుతో భీమ్‌గల్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ పట్టేసిందట. వెనకాలే యార్డు హమాలీలు, ఇంకో ఇద్దరు డ్రైవర్లు వచ్చి నిలబడ్డారు.

"పోశెట్టీ! పేపర్ల పడ్డవని మీసం దువ్వుకుంటివి గదనే! జూడు, నీ ఇగురం, నీ తెలివి నా ఇంజన్ను మింగింది."

పోశెట్టి ఆ షెడ్డు యజమాని. బండ్ల కరెంటు పని చేసే మనిషి. పేపరు ముక్క తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. అది నేను ఆయన మీద రాసిన వ్యాసమే.

"ఇందుల గేజి మాట లేదు" అన్నాడు మెల్లగా. తర్వాత తలుపు దగ్గర చాయ్ గ్లాసుతో నిలబడ్డ నా వైపు తిరిగాడు. "తమ్మీ, గేజి పెట్టి చూడకుండ వైరు ముట్టొద్దని నీకు చెప్పిన గద?"

అందరూ నా వైపు చూశారు.

"చెప్పలేదన్నా" అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. జేబులో పెట్టుకున్న తాళంచెవి కోసం తడుముకునే మనిషి ముఖం ఎలా ఉంటుందో, అలా ఉంది.

"అయితే నేనే మర్సిపోయిన కావచ్చు" అన్నాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఎనభైల చివర్లో నేను ఆర్మూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఇంకా ఉద్యోగం కాదు. మార్కెట్ రేట్లు, మీటింగులు, ప్రమాదాలు. ఆ పనిలో ఎన్నో రకాల మనుషుల్ని చూశాను. పోశెట్టి లాంటి మనిషిని మళ్లీ చూడలేదు. ఇది పొగడ్త కాదు. ఇన్నేళ్లు రాసి రాసి పొగడ్తకూ నిజానికీ తేడా తెలుసుకున్న తర్వాతే అంటున్నాను.

బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు డ్రైవర్ని కూర్చోబెట్టేవాడు. లైటు ఎప్పుడు వెలుగుతోంది? పొద్దుగాలనా, బండి వేడైనంకనా? గుంతల పడ్డప్పుడా, నిలబడ్డప్పుడా? వాన పడ్డనాడు ఎట్లుంటది? డ్రైవర్లు విసుక్కునేవారు. "లైటు బాగు జేయమంటే జాతకం అడుగవడ్తివేందే" అని ఒకాయన అంటే, "జాతకం జెప్పు, పెండ్లి నేను జేస్త" అన్నాడు. ఊళ్లో మిగతావాళ్లు ఎర్ర లైటు ఆరకపోతే దాని బుగ్గ, అంటే బల్బు, పీకి చేతిలో పెట్టేవారు. అలాంటి బండి వస్తే పోశెట్టి ముందు కొత్త బుగ్గ పెట్టేవాడు. "బుగ్గ పీకితే లైటు పోతది, రోగం పోదు" అనేవాడు.

ఆ ఏడు పసుపు సీజనులో యార్డుకొచ్చే వ్యాన్లకు ఆయిల్ లైటు, ఇంజన్‌కు ఆయిల్ ఎక్కకపోతే డ్రైవర్ ముందు వెలిగే ఎర్ర లైటు, ఆరడం మానేసింది. ఒక బండికి కాదు, ఏడెనిమిదింటికి. ఆయిల్ మార్చారు, ఫిల్టర్లు మార్చారు, స్విచ్‌లు మార్చారు. రెండు రోజులు బాగుండేది, మళ్లీ వెలిగేది. పోశెట్టి షెడ్డులో పని ఆపి మూడు రోజులు యార్డులోనే కూర్చున్నాడు. ఏ బండి ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో ఊరికే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. మూడో రోజు లేచి, పసుపు కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ముల వైపు చెయ్యి చూపించాడు. ఆ డ్రమ్ముల పక్కన నిలబడ్డ బండ్లకే ఆ రోగం. డ్రమ్ములోంచి లేచిన పసుపు దుమ్ము ఇంజన్ మీదున్న ఆయిల్ స్విచ్ చుట్టూ చేరి, మంచుకు తడిసి, ముద్దయి, దాంట్లోంచి కరెంటు బాడీకి పాకుతోంది. ఆయిల్ సరిగ్గానే ఉంది. లైటు ఉత్తగా వెలుగుతోంది. పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచాడు. లైటు ఆరింది.

ఆ క్షణంలో నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

మర్నాడు షెడ్డులో కూర్చోబెట్టి అడిగి అంతా రాసుకున్నాను. గడప దగ్గర ఆయన భార్య గంగమణి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పోశెట్టి చివర్లో వేలు చూపించి మరీ చెప్పాడు. "ఇది రాసుకో తమ్మీ. ముందుగాల స్విచ్ ఇప్పి అక్కడ ఆయిల్ జోరు కొలిచే గేజి పెట్టాలె. ఇంజన్ నడుస్తుంటె ముల్లు నిలబడ్డదా, అప్పుడే అది పసుపు. ముల్లు పడ్డదా, నిజంగనే ఆయిల్ ఎక్కుతలేదు, బండి ఆడనే ఆపాలె. గేజి చూడకుండ వైరు ముట్టొద్దు." గంగమణి నవ్వింది. "గేజి గేజి అని నిద్రల గూడ కలవరిస్తడు తమ్మీ."

రాసుకున్నాను. నోటుబుక్కులో ఆయన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

వ్యాసంలో లేవు.

డెస్కు వాళ్లు కోశారని చెప్పుకోవచ్చు. మా వృత్తిలో అది అందరికీ దొరికే సాకు. కాని కోసింది నేనే. గుడ్డతో తుడవగానే లైటు ఆరిన చోట వ్యాసం ముగిస్తే ఎంతో బాగుందనిపించింది. దాని తర్వాత గేజి, ముల్లు, స్విచ్ అని రాస్తే ముగింపు చప్పబడుతుందనిపించింది. ఒక మనిషి పని గొప్పతనం గురించి రాస్తూ, ఆ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టును నా వాక్యం అందం కోసం తీసేశాను. ఆయన పని నాకు నిజంగా అర్థమైందా? లేక అందులో నాకు పనికొచ్చే ముక్క మాత్రమే అర్థమైందా?

ఆదివారం వ్యాసం వచ్చింది. పోశెట్టి దాన్ని కత్తిరించి షెడ్డు గోడకు అంటించుకున్నాడు. యార్డులో దానికి 'పసుపు లైటు' అని పేరే పడిపోయింది. ఎర్ర లైటు వెలిగితే డ్రైవర్లు నవ్వి, గుడ్డ తీసి తుడుచుకునేవారు. భూమయ్యా తుడిచాడు. లైటు ఆరలేదు, బండి నిలబడ్డప్పుడు మిణుకుమంటూనే ఉంది. ఇంకా ఎక్కడో పసుపు మిగిలిందనుకున్నాడు. కాని అతని ఇంజన్లో ఆయిల్ పంపు నిజంగానే అరిగిపోయింది. గేజి పెట్టి ఉంటే ముల్లు పడిపోయేది.

మరి ఆ రోజు ఎందుకు అబద్ధమాడాను? ఆ నెలలోనే నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటారన్న మాట నడుస్తోంది. తప్పు రాశానని తెలిస్తే ఆ మాట అక్కడే ఆగుతుందనుకున్నాను. ఇది కారణమే. కాని మొత్తం కారణం కాదు. పోశెట్టి అడిగినప్పుడు ఇదంతా ఆలోచించేంత సమయం ఎక్కడుంది? నోరు తనంతట తనే అనేసింది. అంటే ఆ అబద్ధం నాలో అప్పటికే తయారుగా ఉందన్నమాట. ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అందులోనే ఉన్నాను.

పోశెట్టి తన షెడ్డుకు తాళం వేసి భూమయ్య వెంట నిజామాబాద్ వెళ్లాడు. ఇంజన్ విప్పిన దగ్గర నుంచి మళ్లీ బిగించేదాకా అక్కడి మెకానిక్ పక్కన కూర్చున్నాడు. మొదటి రోజు భూమయ్య ఆయన్ని తిడుతూనే ఉన్నాడట. మూడో రోజు నుంచి ఇద్దరూ ఒకే టిఫిను డబ్బాలో తిన్నారట. తిరిగొచ్చాక పోశెట్టి గోడ మీది నా వ్యాసాన్ని చింపలేదు. దాని కింద, తన వంకర అక్షరాలతో, పెయింటుతో ఒక వాక్యం రాశాడు. 'ముందు గేజి పెట్టాలె.' అది తన తప్పు అన్నట్టు, తను దిద్దుకుంటున్నట్టు రాశాడు.

అప్పటి నుంచి ఆయన అలవాటు మారింది. పని మొదలుపెట్టే ముందు పలక మీద చాక్‌పీసుతో ఒక్కో మెట్టు రాసుకునేవాడు, అయినదాని పక్కన గీత పెట్టేవాడు. డ్రైవర్లకు ఏది చెప్పినా రెండుసార్లు చెప్పేవాడు. వెళ్లిపోతున్నవాణ్ణి ఆపి "గా సంగతి చెప్పిన్నా?" అని అడిగేవాడు. పని ఇంకా శుభ్రంగా అయింది. నవీపేట నుంచి కూడా బండ్లు వచ్చేవి. ఎంత జాగ్రత్త మనిషి అని ఊరంతా మెచ్చుకునేది. నేనూ మెచ్చుకునేవాణ్ణి. ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు.

నాకొక్కడికేనా? ఆ రోజు నేను "చెప్పలేదన్నా" అన్నప్పుడు గడప దగ్గర బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న గంగమణి కత్తెర మధ్యలో ఆగిపోయింది. తలెత్తి చూసింది. అంతకుముందు నన్ను తమ్మీ అనేది. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. "రా సారూ, కూసో సారూ" అంటుంది.

పోయిన ఏడాది పోశెట్టి ఒక కవరు పట్టుకుని మా ఇంటికొచ్చి నన్ను షెడ్డుకు తీసుకెళ్లాడు. దుబాయిలో గ్యారేజీ పని చేసే తమ్ముడు పంపిన ఉత్తరం, దాంతోపాటు ఏదో పుస్తకంలోంచి తీసిన జిరాక్స్ కాగితాలు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చదివి చెప్పమన్నాడు; ఏదీ జారిపోకుండా ఉత్తరం కూడా నన్నే చదవమన్నాడు. అక్కడి పికప్ బండికి ఎయిర్‌బ్యాగ్ అని ఒకటుందట. దాని లైటు ఆరడం లేదట. అందరూ చేతులెత్తేశారట.

"ఎయిర్‌బ్యాగ్ అంటె?"

"స్టీరింగ్ లోపల మడిచి పెట్టిన సంచి అన్నా. బండి గుద్దుకుంటే క్షణంలో ఉబ్బి డ్రైవర్ ముఖానికి అడ్డం వస్తుంది."

"తలకింది మెత్త లెక్కనా?" పోశెట్టి కళ్లు మెరిశాయి. "మన భూమయ్యకు జెప్పకు. బండి నడుపుకుంటనే పండుకుంటడు."

ఉత్తరం మళ్లీ చదివించుకున్నాడు. లైటు ఎప్పుడు వెలుగుతుందట? మూలమలుపు తిప్పినప్పుడు వెలిగి, ఇక ఆరదట. ఆయన కళ్లు మూసుకున్నాడు. "హారన్ సంగతి ఏమన్న రాసిండా?"

ఉత్తరం చివర వెతికాను. ఉంది. 'హారన్ గూడ అప్పుడప్పుడు పలుకుతలేదు, అది వేరే సంగతి.'

"వేరే సంగతి కాదు" అన్నాడు పోశెట్టి. "స్టీరింగుతోని పాటు చుట్టుకుంట, ఇప్పుకుంట తిరిగే వైరు ఒకటుండాలె. హారనుకు, ఈ మెత్తకు కరెంటు పోయే తొవ్వ అదే. అది లోపట ఇరిగింది."

జిరాక్స్ కాగితాలు తిప్పాను. మూడో కాగితంలో బొమ్మ ఉంది. గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టిన వైరు. ఆ బండిని ఆయన ఎప్పుడూ చూడలేదు. అలాంటిది ఒకటుంటుందని ఆ ఉదయం దాకా వినలేదు.

కాగితం మొదట్లో ఒక హెచ్చరిక ఉంది. ముందు బ్యాటరీ తీసెయ్యాలి, కాసేపు ఆగాలి, లేకపోతే ఆ సంచి పని చేసేవాడి ముఖం మీదే పేలవచ్చు. అది చదివి చెప్పాను. రెండోసారి చదివించుకుని, నా కళ్లలోకి చూసి అడిగాడు.

"ఏం ఇడిసిపెట్టలేదు గద తమ్మీ?"

గంగమణి గడప దగ్గరే ఉంది.

"లేదన్నా" అన్నాను. ఈసారి అది నిజం. నిజం చెబుతున్నా గడప వైపు చూడలేదు.

జవాబు ఆయన చెబుతుంటే నేను రాశాను. అయిపోయాక కలం మూత పెట్టబోతుంటే ఆపాడు. "బ్యాటరీ సంగతి చెప్పిన్నా?"

"చెప్పినవన్నా."

"ఇంకోపారి రాయి. నాకు మర్సిపోయే గుణమున్నది."

బాధపడుతూ అనలేదు. తనకు ఎడమ చెయ్యి వాటం అన్నట్టు, మామూలుగా అన్నాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదని నాకు తెలుసు. ఇంకోసారి బ్యాటరీ సంగతి రాసి, కవరు అంటించి ఇచ్చాను.

రెండు నెలలకు దుబాయి నుంచి జవాబు వచ్చింది. ఆ వైరే. లైటు ఆరింది. పోశెట్టి ఆ ఉత్తరాన్ని కూడా గోడకు అంటించాడు.

ఇప్పుడు మీకు చెప్పాక కొంచెం ఊపిరి ఆడుతోంది. క్షమాపణ అడగడానికి మీరు సరైన మనిషి కాదని తెలుసు. సరైన మనిషి ఇక్కడికి ఏడెనిమిది నిమిషాల నడక దూరంలో ఉన్నాడు.

ఆ నోటుబుక్కు పారెయ్యలేదు. గేజి మాట ఉన్న పేజీ పసుపు వేలిముద్రతో అలాగే ఉంది. పోశెట్టి దాన్ని చూడలేదు. తనకు మర్చిపోయే గుణం ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాడు.