పంటు రేవులో ఆరు మిల్లీమీటర్లు

కోనసీమకు అందరూ చూడ్డానికి వెళ్తారు, నేను తిట్టడానికి వెళ్ళాను. మలికిపురం అవతల ఒక రేవులో, బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పంటు మీదికి లారీలు ఎక్కడానికి కొత్త ఇనుప ర్యాంపు కట్టారు. దాన్ని కంప్యూటర్లో వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి, వెల్డు ఎంత ఉండాలో చెప్పే పని నాది. ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్ అంటారు. కీలు దగ్గర ఆరు మిల్లీమీటర్లు ఉండాలన్నాను. తీరా ఎల్లుండి కొబ్బరి లారీలు ఎక్కుతాయనగా సూపర్‌వైజర్ ఫోన్ చేసి, వెల్డు మధ్యలో కొలిస్తే నాలుగే వస్తోందన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి రాజమండ్రిలో బస్సెక్కాను. రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం రెండు గంటలు, అక్కణ్ణించి రాజోలు ఇంకో గంట. టికెట్లన్నీ కలిపి రెండు వందల లోపే. రాజోలు నుంచి రేవుకు షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలు. అది నిండేదాకా ఆగే ఓపిక లేక ఒక్కదాన్నే రెండు వందలిచ్చి ఎక్కాను.

"ఏవండీ, ఎవరికైనా ఒంట్లో బాగోలేదాండి? అంత కంగారు పడుతున్నారు" అన్నాడు డ్రైవరు.

"ఒకాయనకి ఇవాళ బాగుండదు."

"ఆయ్" అని బండి స్పీడు పెంచాడు.

వెల్డరు పేరు సత్తిబాబు గారు. యాభై దాటిన మనిషి. పాత ర్యాంపు దగ్గర పంటు కోసం నిలబడ్డ జనం మధ్యే ఆయన్ని పట్టుకుని నోరు పారేసుకున్నాను. "లారీ గోదాట్లో పడితే మీరు తీస్తారా? చేసేది పనా, నాటకమా?" సూపర్‌వైజర్ పక్కనుంచి, "రేపట్నించి రావద్దని చెప్పేశానండి మేడం" అన్నాడు.

సత్తిబాబు గారు నన్ను పూర్తిగా తిట్టనిచ్చారు. తర్వాత సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన డ్రాయింగు తీశారు. "ఆరని రాసేరండి. పక్క కొలిచి చూడండి."

కొలిచాను. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆరు.

రెండు రేకుల మూలలో వేసే వెల్డు సమోసా అంచులా ముక్కోణంగా ఉంటుంది. దాని పక్క కొలత వేరు, నడుమ మందం వేరు. నేను కంప్యూటర్‌కు చెప్పిన ఆరు నడిమందం. కాగితం మీద మాత్రం ఎక్కడి కొలతో రాయకుండా ఉత్త ఆరు పెట్టాను. ఆ అంకెను వెల్డర్లు పక్క కొలతగానే చదువుతారు. ఆయన సరిగ్గానే చదివారు. కింద సంతకం నాది. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

"తప్పు నాదండీ" అన్నాను గొంతు తగ్గించి. "పక్క ఎనిమిదిన్నర ఉంటేగాని నడుమ ఆరు రాదు. ఇంకో పొర వేస్తారా?"

"వేస్తానండి, దానికేముందండి. కానీ ఇందాకటివి అందరి ముందూ అన్నారు కదండీ. ఇది నా చెవిలో చెబుతున్నారేంటండి?"

చూస్తే జనమంతా పంటు ఎక్కేశారు. పరిగెత్తి నేనూ ఎక్కాను. ఏటి మధ్యలో బైకుల నడుమ నిలబడి, ఆయన పనిలో లోపం లేదు, తప్పు నాదేనని అరిచి చెప్పాను. చేపల బుట్టతో కూర్చున్న ఒకావిడ నవ్వి, "ఆ ముక్క ఒడ్డునే అనుంటే టికెట్టు మిగిలేది కదమ్మా" అంది.

తిరుగు పంటులో వచ్చేసరికి ఆయన మిషను వెలిగించి ఉన్నారు. సూపర్‌వైజర్‌తో, రేపు సత్తిబాబు గారు రాకపోతే ఈ ర్యాంపు మీద నా సంతకం ఉండదన్నాను. సాయంత్రానికి మధ్యలో కొలిస్తే ఆరు వచ్చింది.

ఇది రాస్తున్నప్పుడు కూడా నా మీద నాకు మంటగానే ఉంది. కంప్యూటర్లో ఒత్తిడి మితిమీరితే కనబడే ఎర్రరంగు ఎక్కడా లేదని మూడుసార్లు చూసుకున్న దాన్ని, ఒక్క అంకె పక్కన ఒక్క మాట రాయలేదు. దానికి ఒక మనిషి తిండి పోబోయింది. మీరూ ఆ రేవుకు వెళ్తే ఆరింటి బస్సే పట్టుకోండి, సాయంత్రానికి పని తెములుతుంది. తిట్టడానికే వెళ్తుంటే మాత్రం, బస్సెక్కే ముందు కాగితం మీద సంతకం ఎవరిదో చూసుకోండి.