రిబ్కమ్మ చేతులు, రోజిన్ పొగ

ఈ వేసవిలో రిబ్కమ్మ ఆవకాయ పెట్టలేదు. నూజివీడులో ఉంటూ ఆవకాయ పెట్టకపోతే వీధంతా అడుగుతుంది. పక్కింటి పున్నమ్మ ఊరుకుంటుందా?

"ఏంటొదినా, ఊళ్ళో కాయలు దొరకలేదా? మైలవరం నుంచి తెప్పించమంటావా?"

"నవ్వు నవ్వు. నా చేతులు చూసి మరీ నవ్వు."

రిబ్కమ్మ వేళ్ళ సందులు ఎర్రగా పొక్కి, చీలి, రసి కారుతున్నాయి.

ఇద్దరూ ఊరి చివర రబ్బరు కంపెనీలో పనిచేస్తారు. అరిగిపోయిన లారీ టైర్ల మీద అతికించే రబ్బరు తయారయ్యేది అక్కడే. పున్నమ్మది ప్యాకింగ్. రిబ్కమ్మది రోజిన్ పని. పైన్ చెట్ల బంకని కెమికల్ ఫ్యాక్టరీలో మార్చి గడ్డలుగా పంపిస్తారు, అదే రోజిన్. చూడ్డానికి పటికబెల్లంలా నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని సుత్తితో పగలగొట్టి, తిరిగే రోలర్ల మీద వేడి రబ్బరులో చల్లాలి. అది పడితేనే రబ్బరుకి జిగురొచ్చి టైరుని పట్టుకుంటుంది. పొగ మాత్రం మొహానికి కొడుతుంది. గ్లౌజులు వేసుకుందామంటే, అవి చిక్కుకుని రోలర్లు చెయ్యి లాగేస్తాయని వేసుకోనివ్వరు.

చేతులు చూపించినప్పుడల్లా ఓనరు శ్రీధర్‌ది ఒకటే మాట. "అది మామిడి సొన రిబ్కమ్మా. ఈ ఊళ్ళో సొన కాలని చెయ్యెవరిది?"

ఆర్ఎంపీ డాక్టరూ అదే అన్నాడు. పని మానేద్దామా అంటే, తోటల్లో కూలి వేసవి దాటితే ఉండదు. ఆఖరికి గట్టిగా అడిగితే శ్రీధర్ మాటిచ్చాడు. "ఈ సీజనంతా కాయ ముట్టుకోకు. అప్పటికీ తగ్గకపోతే ప్యాకింగ్‌కి మారుస్తా."

ముట్టుకోలేదు. కూతురు హాసిని మామిడిపళ్ళు పిసుక్కుని తింటుంటే లేచి వాకిట్లోకి వెళ్ళి కూర్చునేది. సీజనైపోయి తోటలు ఖాళీ అయ్యాయి. చేతులు తగ్గలేదు సరికదా, దగ్గు కూడా తోడైంది.

రిబ్కమ్మ వెళ్ళి ఆ చేతుల్ని శ్రీధర్ ముందు చాపింది.

"నిజమే. రేపట్నుంచి నువ్వు ప్యాకింగ్. నీ చోట్లో పున్నమ్మని పెడతా."

"పున్నమ్మెందుకు బాబుగారూ? ఇంకెవరైనా..."

"ఇంకెవరున్నారు? కొత్తవాళ్ళు ఆ పొగకి ఒక్కపూట కూడా నిలబడరు. పోనీ నువ్వే చెప్పు."

సొన వల్లే అనుకుని ఉంటే రిబ్కమ్మ పున్నమ్మని ఆ చోట నిలబెట్టి హాయిగా తప్పుకునేదే. ఇప్పుడు అది సొన కాదని తనే తేల్చేసింది.

మర్నాడు పున్నమ్మ సుత్తి పట్టుకుని సంబరంగా నిలబడింది. "చూశావా ఒదినా, నాకు ప్రమోషన్."

"చేతులు పొక్కుతాయే."

"నాకేం కాదులే. నీది సొనే. ఎవరూ చూడకుండా తినుంటావ్."

రిబ్కమ్మ ప్యాకింగ్ బల్ల దగ్గర రబ్బరు చుట్టకి కవరు తొడుగుతోంది. సుత్తి దెబ్బ వినపడింది. ఇంకొకటి. ఆ వెంటనే పున్నమ్మ దగ్గు.

కవరు అక్కడే వదిలేసి వెళ్ళి సుత్తి లాక్కుంది.

"పో, ప్యాకింగ్‌కి పో."

"పిచ్చా నీకు? అడిగి మరీ మారావు కదా."

"నోరు మూసుకుని పోవే."

అద్దాల గదిలోంచి శ్రీధర్ చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. రిబ్కమ్మ గడ్డని పగలగొట్టి రబ్బరు మీద చల్లింది. రోలర్లు దాన్ని లోపలికి తీసుకున్నాయి. పొగ లేచింది.